38 ఎక్కడికి పోయింది? కణశ్వాసక్రియలో ఎలక్ట్రాన్ వాహకాల లెక్క

(విశ్రాంత జీవశాస్త్ర అధ్యాపకులొకరు భీమవరంలోని ఒక గ్రంథాలయ మందిరంలో విద్యార్థులు, ఉపాధ్యాయులు, ఆక్వా రైతుల ఎదుట చేసిన ప్రసంగం ఇది. ఆ సాయంత్రం రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

పెద్దలకు నమస్కారం, పిల్లలకు ఆశీస్సులు. ప్రసంగం మొదలుపెట్టేముందు ఈ బల్ల మీద ఒక చిన్న పని చేసి పెడతాను. దాని ఫలితం కనిపించడానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది, ఆలోగా మనం మాట్లాడుకుందాం. ఇది మామూలు గాజు సీసా. ఇందులో గోరువెచ్చని నీళ్లు, రెండు చెంచాల పంచదార, బేకరీవాళ్లు వాడే ఈస్ట్ ఉన్నాయి. గంట క్రితమే కలిపి తెచ్చాను, అందుకే పైన నురగ కట్టింది. ఇప్పుడు ఇందులో మిథిలీన్ బ్లూ నాలుగు చుక్కలు వేస్తున్నాను. చేపపిల్లల హేచరీలు నడిపేవారికి ఈ మందు కొత్త కాదు, గుడ్లకు బూజు పట్టకుండా వాడుతూనే ఉంటారు. చూడండి, సీసా అంతా నీలమైపోయింది. వెనుక వరుసలో ఉన్నవారికి కనిపిస్తోందా? కనిపిస్తే సరే. దీన్ని ఇక్కడే వదిలేద్దాం, ఎవరూ కదపవద్దు.

ఇక నా ప్రశ్న. ఒక గ్లూకోజ్ అణువు కణంలో పూర్తిగా ఆక్సీకరణం చెందితే ఎన్ని ఏటీపీలు వస్తాయి? చెప్పండి, మొహమాటపడకండి. ఇటు 38 అంటున్నారు. అక్కడ మాస్టారు 36 అన్నారు. ఆ చివర కూర్చున్న అమ్మాయి 32 అంటోంది, ఆమె పక్కన ఉన్న అమ్మాయి 30 అంటోంది. ఒకే గ్లూకోజ్, ఒకే శ్వాసక్రియ, నాలుగు జవాబులు. మరి వీరిలో తప్పెవరిది? నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కుర్రవాడు జవాబుపత్రంలో 36 అని రాస్తే, 38 కదా అని మార్కులు కోసేశాను. అతను వచ్చి అడిగితే పుస్తకం తెరిచి చూపించి పంపించేశాను. ఆ కుర్రవాడి 36కు ఒక కారణం ఉందనీ, నా 38కి కూడా ఒక ఊహ ఆధారంగా ఉందనీ తెలుసుకోవడానికి నాకు ఇంకా కొన్నేళ్లు పట్టింది. ఈ రోజు నేను చెప్పబోయేది ఆ కారణమూ, ఆ ఊహా.

ముందు ఏటీపీ గురించి ఒక్క మాట, అది కూడా ఈ ఊళ్లో మాట్లాడుతున్నాను కాబట్టి. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో పుట్టింది ఈ భీమవరంలోనే. అమెరికాలో హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన మొదట చేసిన పని, వినడానికి చాలా చిన్నది: రక్తంలోనూ కండరంలోనూ భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతి. అది 1925లో అచ్చయింది. పరీక్షనాళికలో నీలిరంగు వస్తుంది. భాస్వరం ఎంత ఎక్కువ ఉంటే నీలం అంత చిక్కన. ఆ నీలిరంగును నమ్ముకుని వారు కండరంలో 1927లో ఫాస్ఫోక్రియేటిన్‌ను, 1929లో ఏటీపీని పట్టుకున్నారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నాడు. మన జిల్లాల్లో ఎంతోమంది బోదకాలు బాధితులు మింగిన డైఇథైల్ కార్బమజీన్ బిళ్లల వెనుక ఉన్నదీ సుబ్బారావుగారి ప్రయోగశాలే. కానీ అది మరొక రోజుకు సరిపడే ప్రసంగం. ఇక్కడికి మనకు కావలసింది ఇంతే: ఏటీపీ కణంలో చలామణీ అయ్యే నాణెం. నాణెం గురించి అందరూ మాట్లాడతారు. ధాన్యాన్ని మిల్లుకు చేర్చే బండ్ల గురించి ఎవరూ మాట్లాడరు. నేను బండ్ల గురించి మాట్లాడతాను.

గ్లూకోజ్‌లోని శక్తి ఒక్కసారిగా బయటికి రాదు. కణం దాన్ని మెట్టుమెట్టుగా విప్పుతూ, ప్రతి మెట్టు దగ్గరా కొన్ని ఎలక్ట్రాన్లను హైడ్రోజన్‌తో పాటు ఊడదీసి ఒక వాహకానికి అప్పగిస్తుంది. ఆ వాహకాలలో ముఖ్యమైనవి రెండు: ఎన్‌ఏడీ, ఎఫ్‌ఏడీ. సరుకు ఎక్కించుకున్న ఎన్‌ఏడీని ఎన్‌ఏడీహెచ్ అంటాం, సరుకు ఎక్కించుకున్న ఎఫ్‌ఏడీని ఎఫ్‌ఏడీహెచ్2 అంటాం. ఇవి ఎక్కడి నుంచి వస్తాయి? ఎన్‌ఏడీకి మూలం నయాసిన్, ఎఫ్‌ఏడీకి మూలం రైబోఫ్లేవిన్. రెండూ బి విటమిన్లే. మన మిల్లుల్లో బియ్యం తెల్లగా పాలిష్ పట్టినప్పుడు బి విటమిన్లలో చాలా భాగం తవుడులోకి పోతుంది. తవుడు గేదెకు పెట్టి, తెల్లటి అన్నం మనం తింటాం. బండ్లు తయారుచేసే కలప గేదెకు దక్కుతోందన్నమాట. ఉప్పుడు బియ్యంలో కొంత నయం. వడ్లు ఉడికేటప్పుడు ఈ విటమిన్లు కొంతమేరకు గింజ లోపలికి ఇంకుతాయి.

ఈ వాహకం ఒకటి ఉందని మొదట తెలిసింది కూడా ఈ సీసాలో ఉన్న ఈస్ట్ వల్లనే. 1906లో ఆర్థర్ హార్డెన్, విలియం యంగ్ ఈస్ట్ రసాన్ని వడకట్టి రెండు భాగాలు చేశారు. ఏ ఒక్క భాగమూ ఒంటరిగా పంచదారను పులియబెట్టలేకపోయింది, రెండూ కలిపితే పులిసింది. వాటిలో ఒక భాగం మరగబెట్టినా చెడిపోలేదు. మరిగినా చెడని ఆ చిన్న పదార్థంలో ఉన్నదే ఎన్‌ఏడీ. అది హైడ్రోజన్‌ను మోస్తుందని 1930లలో ఓటో వార్బర్గ్ తేల్చాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను, కొంచెం ఓపికగా వినండి. ఎన్‌ఏడీహెచ్ ఒక జత ఎలక్ట్రాన్లను మోస్తుంది, ఎఫ్‌ఏడీహెచ్2 కూడా ఒక జతనే మోస్తుంది. బరువు ఒకటే. మరి ఒకదానికి ఎక్కువ ఏటీపీలు, మరొకదానికి తక్కువ ఏటీపీలు ఎందుకు వస్తాయి? మోసే బరువు వల్ల కాదు, ఎత్తు వల్ల. కాలువల మధ్య పెరిగినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. ధవళేశ్వరం దగ్గర 1852లో ఆర్థర్ కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక, అక్కడి నుంచి బయల్దేరిన కాలువలు సముద్రం దాకా ఒకే మట్టంలో పారవు కదా. మధ్యమధ్య లాకులు ఉంటాయి, ప్రతి లాకు దగ్గరా నీటిమట్టం కొంత దిగుతుంది. ఒక పిల్లకాలువ మొదటి లాకుకు ఎగువన కలిసిందనుకోండి, దాని నీరు అన్ని లాకులూ దిగుతుంది. మొదటి లాకుకు దిగువన కలిసిందనుకోండి, ఆ ఒక్క దిగుడూ దానికి ఉండదు. కాలువలో కలిసిన నీరు రెండు చోట్లా అంతే, దిగిన ఎత్తు మాత్రం వేరు.

కణంలో ఈ ఎత్తును వోల్టులలో కొలుస్తారు. ఎన్‌ఏడీహెచ్ మట్టం మైనస్ 0.32 వోల్టులు. చిట్టచివర ఎలక్ట్రాన్లను అందుకునే ఆక్సిజన్ మట్టం ప్లస్ 0.82. మధ్య దిగుడు 1.14 వోల్టులు. ఒక మోల్ ఎన్‌ఏడీహెచ్ ఈ దిగుడంతా దిగితే దాదాపు 220 కిలోజౌళ్ల శక్తి విడుదలవుతుంది. గ్లూకోజ్‌ను విప్పే దారిలో మధ్యలో వచ్చే సక్సినేట్ అనే పదార్థం నుంచి బయల్దేరే ఎలక్ట్రాన్ల మట్టమో, ప్లస్ 0.03 దగ్గర ఉంటుంది. వాటి దిగుడు 0.8 వోల్టులకు కొంచెం తక్కువ, శక్తి 150 కిలోజౌళ్ల చుట్టుపక్కల.

విద్యార్థులు తరచూ అడిగే ప్రశ్న ఒకటి ఉంది. సక్సినేట్ దగ్గర కూడా ఎన్‌ఏడీనే వాడుకుంటే కణానికి లాభమే కదా, ఎఫ్‌ఏడీని ఎందుకు పెట్టుకుంది? ప్రశ్న మంచిదే. కానీ ప్లస్ 0.03లో ఉన్న నీరు మైనస్ 0.32లో ఉన్న కాలువలోకి తనంతట తాను ఎక్కుతుందా? ఎక్కదు. సక్సినేట్ తన ఎలక్ట్రాన్లను ఎన్‌ఏడీ మీదికి ఎక్కించలేదు, పల్లంలో ఉన్న ఎఫ్‌ఏడీకైతే ఇవ్వగలదు. కాబట్టి ఎఫ్‌ఏడీహెచ్2 పిసినారి అనుకోవడం అన్యాయం. దొరికిన సరుకే తక్కువ ఎత్తులో దొరికింది. ఇంకొక మాట. ఎన్‌ఏడీహెచ్ కణద్రవంలో విడిగా తిరుగుతుంది. సక్సినేట్ డీహైడ్రోజినేజ్‌లోని ఎఫ్‌ఏడీ అలా తిరగదు, ఆ ఎంజైముకే అతుక్కుని ఉంటుంది. పాఠ్యపుస్తకాల బొమ్మల్లో ఎఫ్‌ఏడీహెచ్2 ఒక బుడగలాగా ఎగిరివచ్చి రెండో సంక్లిష్టంలో, అంటే ఎలక్ట్రాన్లు దిగే దారిలోని నాలుగు ప్రోటీన్ సముదాయాల్లో రెండోదానిలో, దిగుతున్నట్టు గీస్తారు. ఆ బొమ్మ చూసినప్పుడల్లా నాకు చిరాకు. ఆ ఎఫ్‌ఏడీ ఉండేదే రెండో సంక్లిష్టంలో, అది ఎక్కడి నుంచో రావడమేమిటి?

సరే, ఎలక్ట్రాన్లు దిగాయి. దిగితే ఏటీపీ ఎలా వచ్చింది? ఈ ప్రశ్న శాస్త్రవేత్తలను చాలాకాలం తిప్పలు పెట్టింది. ఎలక్ట్రాన్ల దిగుడుకూ ఏటీపీకీ మధ్య ఏదో అధికశక్తి పదార్థం ఉండి తీరాలని వెతికి వెతికి అలసిపోయారు. అటువంటిదేదీ లేదని 1961లో పీటర్ మిచెల్ అన్నాడు. మధ్యలో ఉన్నది పదార్థం కాదు, మట్టం తేడా అన్నాడు. కణంలో ఈ పని జరిగే చిన్న అర మైటోకాండ్రియా; దాని లోపలి త్వచంలో ఎలక్ట్రాన్లు దిగుతూ దిగుతూ ప్రోటాన్లను, అంటే హైడ్రోజన్ అయాన్లను, ఎత్తిపోస్తాయి. ఎత్తిపోతల పథకం ఎలా పనిచేస్తుందో మీకు తెలుసు: ఒకచోట దొరికిన శక్తితో మోటారు తిరుగుతుంది, మోటారు నీటిని పైకి తోడుతుంది. ఇక్కడ మొదటి, మూడో, నాలుగో సంక్లిష్టాలు మూడు మోటార్లు. రెండో సంక్లిష్టం ఎలక్ట్రాన్లను చేరవేస్తుందే తప్ప దేనినీ తోడదు. త్వచానికి ఆవల పోగుపడిన ప్రోటాన్లు తిరిగి లోపలికి దూకే దారిలో ఏటీపీ సింథేజ్ అనే యంత్రాన్ని తిప్పుతాయి. యంత్రం అంటే అలంకారానికి అనడం లేదు, నిజంగానే గిర్రున తిరుగుతుంది. మిచెల్ మాటను మొదట్లో చాలామంది కొట్టిపారేశారు, 1978లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ తిరిగే యంత్రం గుట్టు విప్పినందుకు పాల్ బోయర్, జాన్ వాకర్‌లకు 1997లో వచ్చింది.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఒక జత ఎలక్ట్రాన్లు దిగేటప్పుడు మొదటి సంక్లిష్టం 4 ప్రోటాన్లను, మూడోది 4, నాలుగోది 2 ఎత్తిపోస్తాయి. ఎన్‌ఏడీహెచ్ ఎలక్ట్రాన్లు మొదటి మోటారు దగ్గరే చేరతాయి కాబట్టి మొత్తం 10. సక్సినేట్ ఎలక్ట్రాన్లు మొదటి మోటారు దాటాక, త్వచంలోనే తిరిగే యూబిక్వినోన్ అనే మరో వాహకం దగ్గర కలుస్తాయి కాబట్టి వాటికి 6. ఒక ఏటీపీని తయారుచేసి బయటికి పంపడానికి, ఫాస్ఫేట్‌ను లోపలికి తెచ్చే కూలితో కలిపి, సుమారు 4 ప్రోటాన్లు ఖర్చవుతాయి. పదిని నాలుగుతో భాగిస్తే 2.5, ఆరును నాలుగుతో భాగిస్తే 1.5. అంతే. పాత పుస్తకాల 3, 2 ఎక్కడి నుంచి వచ్చాయంటే, ప్రతి దిగుడు దగ్గరా ఒక్కొక్క ఏటీపీ నేరుగా తయారవుతుందనుకున్న రోజుల నుంచి. నేరుగా తయారయ్యేదైతే అర ఏటీపీ ఉండదు, పూర్ణాంకాలే ఉండాలి. మధ్యలో ప్రోటాన్ల చెరువు ఉందని తెలిశాక పూర్ణాంకాల అవసరం పోయింది. చెరువు నుంచి ఎవరి వాటా ఎంతో సగటున చెప్పగలమే కానీ, ఈ చుక్క ఫలానా ఎలక్ట్రాన్‌ది అని చెప్పలేం కదా.

గ్లూకోజ్ మొత్తానికి ఎన్‌ఏడీహెచ్‌లు 10 వస్తాయి: గ్లూకోజ్‌ను రెండు పైరువేట్ ముక్కలుగా విరిచే గ్లైకాలసిస్‌లో 2, ఆ పైరువేట్ ఎసిటైల్ కోఎంజైమ్-ఏగా మారేటప్పుడు 2, దాన్ని పూర్తిగా విప్పే క్రెబ్స్ వలయంలో 6. ఎఫ్‌ఏడీహెచ్2లు 2. వాహకాల ప్రమేయం లేకుండా నేరుగా వచ్చేవి 4. పది రెండున్నరలు 25, రెండు ఒకటిన్నరలు 3, నేరుగా వచ్చిన 4, వెరసి 32. ఈ 32లో 28 వాహకాలు తెచ్చిపెట్టినవే, అంటే ఎనిమిదింట ఏడు వంతులు. పాత లెక్కన 30, 4, 4 కలిపితే 38. నా 38 వెనుక ఉన్న ఊహ ఇదే.

అయితే ఆ కుర్రవాడి 36 సంగతేమిటి? దానికి నరసాపురం రేవుకు పోవాలి. అక్కడి నుంచి సఖినేటిపల్లికి పంటు మీద గోదావరి దాటినవారు ఇక్కడ చాలామంది ఉంటారు. ఒకవేళ ఆ పంటు మీదికి బండిని ఎక్కనివ్వరు, సరుకును మాత్రమే ఎక్కనిస్తారు అనుకోండి. ఏం చేస్తాం? ఇవతల ఒడ్డున సరుకు దింపి, అవతల ఒడ్డున మరో బండికి ఎక్కిస్తాం. గ్లైకాలసిస్ జరిగేది మైటోకాండ్రియాకు బయట. అక్కడ తయారైన 2 ఎన్‌ఏడీహెచ్‌లు లోపలి త్వచాన్ని దాటలేవు, వాటి ఎలక్ట్రాన్లు మాత్రం దాటాలి. గుండెలో, కాలేయంలో, మూత్రపిండాల్లో ముఖ్యంగా ఉన్నది మేలేట్-ఆస్పార్టేట్ పంటు. ఇందులో అవతల ఒడ్డున సరుకును మళ్లీ ఎన్‌ఏడీ అనే బండికే ఎక్కిస్తారు. ఎత్తు తగ్గదు, నష్టం లేదు. మెదడులోనూ కండరాల్లోనూ గ్లిసరాల్ ఫాస్ఫేట్ పంటు కూడా నడుస్తుంది. ఇందులో సరుకు ఎఫ్‌ఏడీ మీదికి మారి, నేరుగా యూబిక్వినోన్ దగ్గర కాలువలో కలుస్తుంది. అంటే మొదటి మోటారు దాటిపోయింది. రెండు ఎన్‌ఏడీహెచ్‌ల మీద ఒక్కొక్క ఏటీపీ చొప్పున 2 పోయాయి: 32 కాస్తా 30, పాత లెక్కలో 38 కాస్తా 36. కుర్రవాడు కండరం లెక్క రాశాడు, నేను గుండె లెక్కతో దిద్దాను!

నష్టం వచ్చే పంటును కణం ఎందుకు నడుపుతోంది? వేగం కోసం. ఎత్తు కొంత వదులుకుంటే సరుకు వెనక్కి జారదు, లోపల బండ్లు నిండి ఉన్నా దాటిపోతుంది. ఈగ రెక్కల కండరం దాదాపు ఈ పంటు మీదే బతుకుతుంది. చేతికి చిక్కకుండా ఈగ ఎందుకు ఎగిరిపోతుందో ఇప్పుడు కొంత అర్థమై ఉంటుంది.

సీసా చూశారా? మాటల్లో పడి నేనే మరిచిపోయాను. నీలం పోయింది. మళ్లీ ఈస్ట్ రంగే, పాలలో కొంచెం పసుపు కలిపినట్టు ఉంది. దగ్గరగా చూడండి బాబూ, నువ్వు లేచి వచ్చి చూసి అందరికీ చెప్పు. పైన, గాలి తగిలే చోట, సన్నటి నీలి గీత మిగిలి ఉంది కదా? ఈస్ట్ పంచదారను విప్పుతూ ఎలక్ట్రాన్లను తన వాహకాల మీదికి ఎక్కించింది. ఆ వాహకాలు తమ సరుకును మిథిలీన్ బ్లూకి ఇచ్చాయి. సరుకు ఎక్కగానే ఆ మందుకు రంగు పోతుంది. పైన గాలి ఉన్నచోట దాని చేతిలోని ఎలక్ట్రాన్లను ఆక్సిజన్ లాగేసుకుంటోంది, అందుకే అక్కడ మళ్లీ నీలం. మీరు కంటితో చూసింది ఎలక్ట్రాన్ వాహకాల పనినే. ఇంకా ఒక తమాషా ఉంది. ఈ బేకరీ ఈస్ట్‌కు ప్రోటాన్లను తోడే మొదటి సంక్లిష్టం అసలు లేనే లేదు. దాని ఎన్‌ఏడీహెచ్ వేరొక ఎంజైము ద్వారా ఏమీ తోడకుండా కాలువలో కలుస్తుంది, 6 ప్రోటాన్లే మిగులుతాయి. పైగా దాని ఏటీపీ యంత్రం చక్రానికి పది పళ్లు ఉంటాయి. మూడు ఏటీపీలకు 10 ప్రోటాన్లు, రవాణాకు ఒక్కొక్కటి. లెక్క కడితే ఒక ఎన్‌ఏడీహెచ్‌కు ఒకటిన్నర కూడా రాదు. మన చక్రానికి పళ్లు ఎనిమిదే, అందుకే మన లెక్క 2.5 కన్నా ఒక పిసరు ఎక్కువ, 2.7 దాకా వస్తుందని ఇప్పుడు అంటున్నారు. ఎన్‌ఏడీహెచ్ విలువ ఎంత అని అడిగితే, ఎవరి ఇంట్లో అని తిరిగి అడగాలన్నమాట.

ఇప్పుడు రైతులతో ఒక మాట. రొయ్యల చెరువు మీద తెల్లవారుజామున మూడు గంటలకు టార్చిలైటు పట్టుకుని తిరగని ఆక్వా రైతు ఈ మందిరంలో ఉండరు. పగలంతా నాచు ఆక్సిజన్ ఇస్తుంది, చీకటి పడ్డాక అదీ రొయ్యలతో పాటు ఆక్సిజన్ తీసుకుంటుంది. తెల్లవారే వేళకు డీఓ, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, పడిపోతుంది, రొయ్యలు తేలతాయి. రొయ్య కణంలో ఆ క్షణాన ఏం జరుగుతోంది? కాలువ చివర సముద్రం మూసుకుపోయింది. ఆక్సిజన్ అందుకోకపోతే నాలుగో సంక్లిష్టం నిండిపోతుంది, దాని వెనుక మూడోది, దాని వెనుక మొదటిది. ఎన్‌ఏడీహెచ్ సరుకు దింపుకునే చోటు లేక నిండుగా నిలబడిపోతుంది. ఖాళీ బండ్లు తిరిగిరాకపోతే గ్లైకాలసిస్ కూడా ఆగిపోవాలి. అందుకని రొయ్య ఆ ఎలక్ట్రాన్లను పైరువేట్ మీదే కుమ్మరించి లాక్టేట్ చేస్తుంది. దీనివల్ల ఖాళీ ఎన్‌ఏడీ దొరుకుతుందే కానీ శక్తి రాదు. ఒక గ్లూకోజ్‌కు మిగిలేవి 2 ఏటీపీలు. 32 ఎక్కడ, 2 ఎక్కడ? ఏరేటర్ల కరెంటు బిల్లు మీకు బరువుగానే ఉంటుంది, నాకు తెలుసు. కానీ ఆ తెడ్లు కొడుతున్నది కాలువ చివర తలుపు తెరిచి ఉంచడానికే. చెరువు అడుగున నల్లబురద పేరుకుని, కోడిగుడ్డు మురిగిన వాసన వేస్తే ఇంకా ప్రమాదం. ఆ హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు సయనైడ్ లాగానే నాలుగో సంక్లిష్టాన్ని పట్టేస్తుంది. నీటిలో ఆక్సిజన్ ఉన్నా అందుకునే చెయ్యి పనిచేయదు.

వరిచేను మునిగినప్పుడూ ఇదే కథ, ముగింపు మాత్రం వేరుగా ఉంది. మన మార్టేరు పరిశోధనా కేంద్రం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ, ఎంటీయూ 7029, ఎంత మంచి రకమైనా వారం దాటి మునిగితే నిలవడం కష్టం. మునిగిన మొక్క ఊపిరి కోసం పైకి పెరగబోతుంది. ఆల్కహాలు పులియబెట్టుకుంటూ గ్లూకోజ్‌కు 2 ఏటీపీల చొప్పున సంపాదిస్తూ, 32 వస్తున్నట్టు ఖర్చు పెడుతుంది. నిల్వ పిండిపదార్థం కరిగిపోతుంది, నీరు తీసేశాక లేవలేదు. 2009లో మన దేశంలో విడుదలైన స్వర్ణ-సబ్1లో ఒడిశా నాటురకం నుంచి వచ్చిన ఒక జన్యువు ఉంది. అది మొక్క పెరుగుదలను అణచిపెడుతుంది. రెండు రూపాయల రాబడి రోజున రెండు రూపాయల బతుకే బతుకుతుంది, అందుకే రెండు వారాల దాకా తట్టుకుంటుంది.

ఇక్కడ కోనసీమ నుంచి వచ్చినవారు ఉన్నారు కాబట్టి కంద పువ్వు గురించి చెప్పకుండా ఉండలేను. పెళ్లిభోజనంలో కందబచ్చలి అందరూ తింటారు కానీ, కంద పువ్వును దగ్గరగా చూసినవారు తక్కువ. భూమిలో మిగిలిన దుంప నుంచి ఆకు కన్నా ముందు వస్తుంది, మాంసం కుళ్లిన వాసన వేస్తుంది, పురుగులు మూగుతాయి. విచ్చిన వేళకు వెళ్లి ముక్కు మూసుకుని మధ్యలోని కాడ మీద చెయ్యి పెట్టి చూడండి, గోరువెచ్చగా ఉంటుంది. జ్వరం వచ్చిన పిల్లవాడి నుదురులాగా. వాసన నలుదిక్కులా పాకడానికి ఆ వేడి అవసరం. ఆ వేడి ఎక్కడిది? మొక్కల మైటోకాండ్రియాలో ప్రత్యామ్నాయ ఆక్సిడేజ్ అనే ఎంజైము ఉంది. అది యూబిక్వినోన్ దగ్గర ఎలక్ట్రాన్లను అందుకుని, మూడో నాలుగో మోటార్లతో నిమిత్తం లేకుండా తిన్నగా ఆక్సిజన్‌కు ఇచ్చేస్తుంది. కాలువకు మిగులు నీరు పోయే కలుజు ఉన్నట్టు. ఎన్‌ఏడీహెచ్ మొదటి మోటారు గుండా వచ్చి ఈ కలుజులో పడితే 4 ప్రోటాన్లు, అంటే ఒక ఏటీపీ. మొక్కలకు మొదటి మోటారును కూడా తప్పించే దారి ఉంది, ఆ దారిలో వచ్చి ఇందులో పడితే సున్నా. అదే ఎన్‌ఏడీహెచ్, అదే ఆక్సిజన్, అదే 220 కిలోజౌళ్లు. మన గుండెలో అయితే రెండున్నర ఏటీపీలు, కంద పువ్వులో అయితే ఒకటి లేదా సున్నా, మిగిలినదంతా వేడి. ఈ కలుజు వరిలోనూ ఉంది, అన్ని మొక్కల్లోనూ ఉంది. కంద కుటుంబం దాన్ని బార్లా తెరిచింది, అంతే.

కోనసీమ అన్నాక కొబ్బరి కూడా. కొబ్బరినూనె కొవ్వు ఆమ్లాలలో సగం దాకా లారిక్ ఆమ్లమే. పన్నెండు కార్బన్లున్న ఈ ఆమ్లాన్ని కణం ఐదు కోతల్లో ఆరు ముక్కలు చేస్తుంది. ప్రతి కోతకూ ఒక ఎన్‌ఏడీహెచ్, ఒక ఎఫ్‌ఏడీహెచ్2. ఆ ముక్కలు క్రెబ్స్ వలయంలో తిరిగితే ఇంకా వస్తాయి. మొత్తం 23 ఎన్‌ఏడీహెచ్‌లు, 11 ఎఫ్‌ఏడీహెచ్2లు, నేరుగా 6, మొదట్లో పెట్టిన ఖర్చు 2 తీసేస్తే 78 ఏటీపీలు. కార్బన్‌కు ఆరున్నర, గ్లూకోజ్‌కు కార్బన్‌కు ఐదుకు కొంచెం పైన. నూనెది పైచేయే. కానీ బండ్ల కూర్పు చూడండి: గ్లూకోజ్‌లో ఐదు ఎన్‌ఏడీహెచ్‌లకు ఒక ఎఫ్‌ఏడీహెచ్2, లారిక్ ఆమ్లంలో సుమారు రెండింటికి ఒకటి. తక్కువ ఎత్తు బండ్లు ఎక్కువ. అందువల్ల ఒక్కొక్క ఆక్సిజన్ పరమాణువుకు గ్లూకోజ్ 2.67 ఏటీపీలు ఇస్తే, లారిక్ ఆమ్లం 2.3 దగ్గర ఆగిపోతుంది. ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నప్పుడు నూనె మేలు, ఆక్సిజన్‌కు కరువైనప్పుడు పిండిపదార్థం మేలు. అయితే మేతలో నూనె తగ్గించమంటారా అని రైతులు అడగవద్దు, మేత లెక్కలో ఇంకా వంద విషయాలు ఉంటాయి.

వెనుక నుంచి ఒక చీటీ వచ్చింది. "పరీక్షలో ఏమి రాయాలి సార్?" ఇంత చెప్పాక కూడా ఇదే ప్రశ్న వస్తుందని నాకు తెలుసు, కోపం లేదు. బిట్టు పేపరులో మీ పాఠ్యపుస్తకంలో ఏ సంఖ్య ఉంటే అదే పెట్టండి, ఆ మార్కు వదులుకోకండి. వ్యాసరూప ప్రశ్నలో మాత్రం సంఖ్య పక్కన ఒక వాక్యం రాయండి: ఎన్‌ఏడీహెచ్‌కు ఎన్ని ఏటీపీల లెక్కన, ఏ పంటు మీదుగా. 38 రాసినా, 30 రాసినా ఆ వాక్యం ఉంటే దిద్దేవారు మార్కు కోయలేరు. నాలాంటివాడు కోస్తే, వెళ్లి అడగండి. ఇక ఆ సీసా ఎవరైనా తీసుకుని మూత గట్టిగా పట్టుకుని ఊపండి, నీలం మళ్లీ వస్తుంది. ఈసారి పోవడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో గడియారం పెట్టి చూడండి.